దారి యెవరిది? ఇందూరు సీమలో నడచువారి చరిత్ర

గడచిన మాఘమాసమున ఒక ఆదివారమునాడు మేము మా పాఠశాల విద్యార్థులను ఇరువదిమందిని వెంటబెట్టుకొని డిచ్‌పల్లి రామాలయమును చూడబోయితిమి. గుట్టమీద రాతితో కట్టబడిన ఆ కోవెల పదునాలుగవ శతాబ్దమునాటిదని పెద్దలు చెప్పుదురు. దాని గోడలమీది శిల్పములను చూచి దానిని ఇందూరు ఖజురహో యని పిలుచువారును గలరు. పిల్లలు మెట్లెక్కి, బొమ్మలను చూచి, ఒకరిద్దరు వానిని నోటుపుస్తకములలో గీసికొని, మిక్కిలి సంతోషముతో దిగివచ్చిరి. అక్కడనుండి విశ్వవిద్యాలయపు ఆవరణమును గూడ చూపుమని వారు కోరగా, దూరమేమంత యని నడచియే బయలుదేరితిమి.

రహదారి అంచునకు వచ్చుసరికి మా ఉత్సాహ మంతయు అణగిపోయినది. నాలుగు వరుసల బాట. ఎడతెగని లారీలు. సందు దొరకినదని తలచి సగముమంది పిల్లలు పరుగున నడిమితిన్నెను చేరిరి. తక్కినవారు మాయొద్దనే నిలిచిపోయిరి. ఒక బాలిక చెప్పు నడిబాటలో జారిపడినది. అది చూచుకొన వెనుదిరుగునంతలో ఒక లారి పెద్దగా హారను మ్రోగించుచు దానిమీదుగనే పోయినది. ఆ పిల్లను తోడివారు చేయిపట్టి లాగుటచే ఏ హానియు జరుగలేదు. చెప్పు మాత్రము తిరిగి తొడుగుకొనుటకు పనికిరాలేదు. ఆమె ఒంటిచెప్పుతో ఇల్లు చేరినది.

మరునాడు ఈ సంగతి పాఠశాల పెద్దలకు తెలిసినది. వారు మమ్ము మందలింపలేదు. అది వారి సౌజన్యము. కాని ఇకమీదట గుట్టలకును అడవులకును పిల్లలను నడిపించుకొని పోరాదనియు, దారి దాటుటలో జాగరూకత పిల్లలకు నేర్పుమనియు నిర్ణయించిరి. జాగరూకత నేర్పుటకు మా కభ్యంతరము లేదు. కాని ఆ నిర్ణయములో ఒక మాట దాగియున్నది: దారి బండిది, నడచువాడు దానిలో చొరబడినవాడు అని. ఈ మాట నిజమా? ఈ దారి యెవరిది? ఇది నేటి తగవు కాదు. మన సీమలో దీనికి రెండువేల యేండ్లకు పైబడిన చరిత్ర గలదు. చదువరులు ఓపికతో వినుదురుగాక.

ఇందూరు పట్టణమునకు దక్షిణముగా డిచ్‌పల్లి, ఇందల్వాయి గ్రామముల మీదుగ పోవు ఈ బాట ఇపుడు 44వ జాతీయ రహదారి. శ్రీనగరమునుండి కన్యాకుమారివరకు పోవును. 2010లో సంఖ్యలు మార్చక పూర్వము ఇది 7వ రహదారి. అప్పుడు కాశినుండి కన్యాకుమారికి పోవునదిగా లెక్క. 2006లో స్థాపింపబడిన తెలంగాణ విశ్వవిద్యాలయము డిచ్‌పల్లియొద్ద ఈ దారి ప్రక్కనే వెలసినది. చుట్టును గుండ్రాళ్ల గుట్టలు, ఇందల్వాయి అడవులు, వానిలో పశుల కాపరులును కట్టెలకు పోవువారును త్రొక్కిన కాలిబాటలు. పట్టణమున కింకొక వైపున మల్లారము అడవి కలదు. వసతిగృహములలో నుండి చదువుకొను యువకులకు సాయంకాలపు నడకకు ఇంతకంటె మంచి చోటు దొరకునా? అయినను గుట్టకుగాని అడవికిగాని పోవలెనన్న ఈ మహారహదారిని ఒరసికొనియో దాటియో పోవలసివచ్చును.

విద్యార్థులు ఈ సీమలో నడచుట కొత్త కాదు. మన బోధను పట్టణమే ప్రాచీనమైన పోదనమని, అదియే అశ్మక జనపదమునకు రాజధాని యని చరిత్రకారులలో పెక్కురు నిర్ణయించిరి. పాలీభాషలోని సుత్తనిపాతమున ఒక కథ గలదు. బావరి యను వృద్ధ బ్రాహ్మణుడు అశ్మకుల దేశమున గోదావరి యొడ్డున ఆశ్రమము కట్టుకొని యుండెను. బుద్ధుడు పుట్టెనని విని, తాను పోలేక, తన శిష్యులను పదునార్గురిని ప్రశ్న లడిగి రమ్మని పంపెను. వారు ప్రతిష్ఠానము, మాహిష్మతి, ఉజ్జయిని, విదిశ, కౌశాంబి, సాకేతము, శ్రావస్తి, కపిలవస్తు, కుశినగరము, వైశాలి మీదుగ మగధకు నడచిపోయిరి. ఆ గ్రంథము ఊళ్ల పేర్లను వరుసగా చెప్పుచు పోవును. దారిపుస్తకమును చదివినట్లే యుండును. ఆ పదునార్గురిలో పింగియుడను నతడు తాను ముదుసలి ననియు, బలము లేదనియు, కన్నులు మసకలు క్రమ్మినవనియు బుద్ధునితో స్వయముగా చెప్పుకొనెను. అట్టి ముదుసలి గోదావరినుండి మగధకు నడచి, మరల గురువునొద్దకు తిరిగివచ్చెను. దారిలో దొంగలుండిరో, పులులుండిరో కథ చెప్పదు. కాని చూపు మందగించినవాడు సైతము నడువదగిన దారి యొకటి అప్పుడుండెనని మాత్రము తెలియుచున్నది.

దారి చెడినపుడు ఏమగునో చెప్పు కథయు బోధనునకు సంబంధించియే కలదు. జైనుల సంప్రదాయమున పౌదనపురమున భరతచక్రవర్తి తన తమ్ముడైన బాహుబలికి మహావిగ్రహము నిలిపెనని ప్రసిద్ధి. ఆ పౌదనపురము మన బోధనే యని పలువురు తలతురు. గంగరాజుల మంత్రియగు చాముండరాయని తల్లి ఆ విగ్రహమును చూడక పాలు ముట్టనని వ్రతము పట్టినదట. కొడుకు ప్రయాణము కట్టెను. అంతలో తెలిసినదేమన, ఆ ప్రదేశము కుక్కుటసర్పములతో నిండిపోయినదనియు, మనుష్యులు పోరాదనియు. దారి లేదు. అప్పు డాయన శ్రావణబెళగొళమున కొండరాతిలో అట్టి విగ్రహమునే చెక్కించెను. పదవ శతాబ్దపు చివర జరిగిన పని యది. బెళగొళమునకు అది మహాభాగ్యము. లోక మంతయు నేటికిని దానిని చూడబోవుచున్నది. బోధనుకు మిగిలినదేమి? కుక్కుటసర్పమన నేమో పండితులే తేల్చవలెను. దారి పోయినచో క్షేత్రముకూడ పోవునన్న విషయమును తేల్చుటకు పండితు లక్కరలేదు. మా పాఠశాల పెద్దల నిర్ణయమును విన్నపుడు మాకు మొదట గుర్తునకు వచ్చినది ఈ కథయే.

మధ్యకాలమున ఈ బాట గోలకొండను ఉత్తరదేశముతో కలుపునదై వర్తకులతో క్రిక్కిరిసి యుండెను. 1667 ప్రాంతమున ఔరంగాబాదునుండి గోలకొండకు వచ్చిన థెవెనో అను ఫ్రెంచి యాత్రికుడు ఇందూరును, ఇందల్వాయిని పేర్కొనెను. ఇందల్వాయిలో చేయు కత్తులు, బాకులు, ఈటెలు హిందూదేశమంతటను అమ్ముడుపోవుచుండెనని ఆయన వ్రాత. తరువాత 1830లో మన ఏనుగుల వీరాస్వామయ్యగారు చెన్నపట్టణమునుండి కాశికి పోవుచు హైదరాబాదు విడిచి నిర్మలమీదుగ నాగపురమునకు సాగిరి. వారి యాత్రాచరిత్రను చదివినవారికి తెలియును: ప్రతి మజిలీలోను దారి మంచిదా, నీరున్నదా, సామానులు దొరకునా, దిగుటకు చోటున్నదా యని వ్రాయుట వారి యలవాటు. వారు పల్లకిలో పోయిరి, నిజమే. కాని దారి రాళ్లను ఎరిగినవి బోయీల పాదములు. ఆ బోయీల అవస్థను గూడ తలచి వ్రాసిన గ్రంథము గనుకనే మే మా పుస్తకమును మరల మరల చదువుచుందుము.

ఇంతకు, ఇద్దరు ఎదురుపడినపుడు దారి యెవ్వ రియ్యవలెను? మన పూర్వులు ఈ ప్రశ్నను చిన్నదిగా తలపలేదు. మహాభారతమున అష్టావక్రుడు పండ్రెండేండ్ల బాలుడు. జనకుని యజ్ఞశాలకు మేనమామతో గూడి నడచిపోవుచు దారిలో రాజునే యెదుర్కొనెను. వాదించి దారి గెలిచెను. రాజు సంతోషించి తొలగెను. అదే గ్రంథమున ఇంకొక కథ వేరు విధముగా ముగిసినది. ఒక్కడు మాత్రమే పట్టు ఇరుకుదారిలో కల్మాషపాదుడను రాజును, వసిష్ఠుని కొడుకగు శక్తియు ఎదురుపడిరి. నీవు తొలగుమన నీవు తొలగుమనిరి. రాజు కొరడాతో కొట్టెను, ముని శపించెను, రాజు రాక్షసు డాయెను. దారి విడువని అధికారి రాక్షసుడగునని మా విద్యార్థి యొకడు దీనికి వ్యాఖ్య చేసినాడు. వ్యాసుని యభిప్రాయ మదియో కాదో మేము చెప్పలేము.

మనుస్మృతిలో దారి యియ్యవలసినవారి పట్టిక గలదు: బండిమీదివాడు, తొంబది దాటినవాడు, రోగి, బరువు మోయువాడు, స్త్రీ, స్నాతకుడు, రాజు, పెండ్లికొడుకు. చదువు ముగించిన స్నాతకుడును రాజును ఎదురుపడినచో రాజే తొలగవలెనట. విశ్వవిద్యాలయ విద్యార్థులకు ఇది యింపుగా నుండును. కాని పట్టికలో మొదటి పేరు చక్రముమీద పోవువానిదని మరువరాదు. బండికి పెద్దపీట వేయుట నేడు పుట్టిన తప్పు కాదు. అదే స్మృతిలో వేరొకచోట బండి తగిలి హాని జరిగినపుడు తోలువానికి శిక్ష లేని సందర్భములు పది చెప్పబడినవి. ముక్కుత్రాడు తెగుట, కాడి విరుగుట, ఇరుసు విరుగుట మొదలగునవి ఎనిమిది తొమ్మిది. పదవది చూడుడు: తొలగు తొలగుమని అరచియున్నచో తోలువాడు నిర్దోషి. అరపే వానికి రక్ష. మేము స్మృతిని ప్రమాణముగా చూపుట లేదు. స్త్రీశూద్రుల విషయమున అది చెప్పిన మాటలకు మనలో నెవ్వరును నేడు తల యొగ్గరు. ఒక ఆలోచన యెంత పాతదో చూపుటకే దీని నుదాహరించితిమి. మా బాలిక చెప్పుమీదుగ పోయిన లారి హారను మ్రోగించియే పోయెను గదా.

ఈ ఆలోచన మనదొక్కటే కాదు. 1896 ఆగస్టు 17వ తేదీన లండనులో క్రిస్టల్ ప్యాలెసునొద్ద బ్రిజెట్ డ్రిస్కాల్ అను స్త్రీ తన కూతురితో నడచుచు మోటారుబండి తగిలి మరణించినది. ఆ దేశమున మోటారుకారుచే చనిపోయిన మొదటి పాదచారి యామెయే. గంట మ్రోగించితిననియు, తొలగుడని అరచితిననియు బండి తోలినవాడు చెప్పెను. విచారణలో అది ప్రమాదవశాత్తు కలిగిన మరణమని తేలినది. ఇట్టిది మరల జరుగకుండుగాక యని అధికారి ఆశించెనట. మనువు తోలువానికిని లండను తోలువానికిని నడుమ ఎన్ని శతాబ్దములు! సమాధాన మొక్కటే.

నడచు హక్కును గూర్చి వ్రాయునపుడు వైకోమును మరచినచో మేము సంస్కరణాభిమానుల మని చెప్పుకొనుటకు తగము. తిరువాన్కూరులో దేవాలయము చుట్టునున్న దారులమీద అవర్ణులు నడువరాదని నిషేధ ముండెను. 1924 మార్చి 30న మొదలైన సత్యాగ్రహము 1925 చివరవరకు సాగినది. వారు కోరినది గుడిలో ప్రవేశము సైతము కాదు. వీథిలో నడుచుటకు అనుమతి. ఒక మనుష్యుని దారినుండి తొలగించుట యనగా వానిని ఊరినుండియే తొలగించుట యని ఆ యుద్యమము లోకమునకు చూపినది. నాటి నిషేధము కులమును బట్టి. నేటి నిషేధము వాహనము లేమిని బట్టి. రెండును ఒకటే యని మేమనము. నాటిది బుద్ధిపూర్వకము; నేటిది మరపు. కాని మరపుచే త్రోయబడినవాడును అంచుననే నిలిచియున్నాడు.

మరల మన సీమకు వత్తము. 1900 ప్రాంతమున గోదావరీలోయ రైలుమార్గము సికింద్రాబాదునుండి ఇందూరు మీదుగ మన్మాడు వరకు పడినది. 1923లో మొదలుపెట్టి 1931లో ముగించిన నిజాంసాగరము మంజీరనీటిని పొలములకు తెచ్చినది. నీటివెంట చెరకు, చెరకువెంట 1937లో బోధను శక్కరునగరున నిజాము చక్కెర కర్మాగారము, దానివెంట జానకంపేటనుండి బోధనుకు రైలుకొమ్మ వచ్చినవి. కర్మాగార మాడినన్నాళ్లు చెరకుకాలమున రాత్రింబవళ్లు ఎడ్లబండ్లు బారులు తీరి యుండెడివి. పిదప ట్రాక్టరులు వచ్చినవి. 2015 డిసెంబరులో కర్మాగారము మూతపడినది. ఆ బండ్లబారుల ప్రక్కన పనివారు నడచిపోవుచుండెడివారని బోధను వృద్ధులు మాతో చెప్పిరి. ఎద్దు నడకయు మనిషి నడకయు ఇంచుమించు సమానము. బండి క్రిందబడి చచ్చినవారు లేరని కాదు. కాని తోలువానికిని నడచువానికిని ఒకరి ముఖ మొకరికి కనబడెడిది. తిట్టుకొనుటకైనను తీరిక యుండెడిది.

రైలు విషయము వేరు. అది వేగముగా పోవునని దానిని నడపువారే మొదటినుండి ఒప్పుకొనిరి. కనుకనే దానికి గేటు, గేటుకు కాపరి, రాత్రి ఎఱ్ఱదీపము, స్టేషనులో కాలివంతెన. రైలు వచ్చుచున్నదని గేటు వేయుదురు. ఎంత గొప్పవాని కారైనను ఆగును. రహదారి నేడు రైలువలెనే వేగముగా పోవుచున్నది, కాని తాను రైలునని ఒప్పుకొనదు. పల్లెబాటవలె అందరికిని తెరచియే యున్నది. చిక్కంతయు ఇక్కడనే యున్నదని మా తలపు.

ఈ రహదారి యిట్లు ఎట్లు పెరిగినది? జయకరుగారి అధ్యక్షతన 1927లో ఏర్పడిన సంఘము దేశమునకు మంచి దారులు వలయునని చెప్పినది. దాని ఫలముగా 1929లో కేంద్ర రోడ్డు నిధియు, 1934లో ఇండియన్ రోడ్స్ కాంగ్రెసును పుట్టినవి. 1943లో ఇంజనీరులు నాగపురమున కూడి జాతీయ, రాష్ట్ర, జిల్లా, గ్రామ మార్గములని విభజించిరి. సాగుబడి గల సీమలో ఏ గ్రామమును ముఖ్యమార్గమునకు అయిదు మైళ్లకంటె దూరముగా నుండరాదని వారి సంకల్పము. మేలైన సంకల్పమే. గ్రామమునుండి దారికి దూరమును వారు కొలిచిరి. దారికి ఈ యొడ్డునుండి ఆ యొడ్డునకు దూరమును ఎవరును కొలువలేదు. అప్పటి కది పది యడుగులు మాత్రమే గదా.

ఇప్పు డా దూరమును కొలిచి చూతము. లెక్క తొమ్మిదవ తరగతి పిల్లలు చేయగలిగినదే, మావారే చేసిరి. రెండు వరుసల బాట యొక్కొక్కటి ఏడు మీటర్లు. సాధారణముగా మనిషి సెకనునకు 1.2 మీటర్లు నడచును. ఏడు మీటర్లకు దాదాపు ఆరు సెకనులు. నాలుగు వరుసల రహదారిపై కార్లకు 2018 నుండి అనుమతింపబడిన గరిష్ఠవేగము గంటకు 100 కిలోమీటర్లు. అనగా సెకనునకు దాదాపు 28 మీటర్లు. ఆరు సెకనులలో అది 160 మీటర్లకు పైగా వచ్చి మీద పడును. మరి తోలువాడు మనిషిని చూచి ఆపవలెనన్నచో? ఆ వేగమున ఆగుటకు 180 మీటర్లు వలయునని ఇంజనీరుల ప్రమాణమే చెప్పుచున్నది. కాబట్టి మనిషి మొదటి యడుగు వేసినపుడు 160 మీటర్ల లోపల నున్న కారు చట్టమును మీరక, తోలువాడు నిద్రపోక, హారను మ్రోగించుచునే అతనిని తాకవచ్చును. అందరును జాగరూకులే; అయినను అపాయమే. ఈ లెక్కను నల్లబల్లమీద వేసినపుడు తరగతిలో కొంతసేపు ఎవ్వరును మాటాడలేదు.

దేశమంతట దీని ఫలమేమన, కేంద్ర రవాణాశాఖవారి లెక్కల ప్రకారము 2022వ సంవత్సరమున రోడ్డు ప్రమాదములలో 1,68,491 మంది చనిపోయిరి. వారిలో 32,825 మంది పాదచారులు, అనగా రోజునకు దాదాపు తొంబదిమంది. జాతీయ రహదారులు దేశపు దారుల పొడవులో నూటికి రెండుపాళ్లు మాత్రమే. చావులలో వాని పాలు నూటికి ముప్పదియారు. వీరందరును అజాగరూకులే యనగలమా?

ఇంగ్లండులో నిట్టి ప్రశ్నయే వచ్చినది. అచట 1930లో కార్లకు వేగపరిమితిని తొలగించిరి. 1934లో దారులమీద 7,343 మంది చనిపోయిరి. ఆ సంవత్సరమే రవాణామంత్రియైన హోర్ బెలిషా దారి దాటుచోట్ల నారింజరంగు గోళములుగల స్తంభములు నిలిపెను. మరుసటి యేడు ఊళ్లలో గంటకు 30 మైళ్ల పరిమితి మరల వచ్చినది. ఆ గోళములను గూర్చి జనులు నవ్వుకొనిరి, పిల్లలు రాళ్లతో పగులగొట్టిరి. అయినను వానికి మంత్రి పేరే నేటివరకు నిలిచినది. పాదచారికి బుద్ధి చెప్పుటతో ఊరకుండక, బండి నెమ్మదింపవలసిన చోటు నొకదానిని నేలమీద గుర్తించుటయే అందలి విశేషము.

మన డిచ్‌పల్లి బాటకు తగినది గోళము కాదు. నూరు కిలోమీటర్ల వేగమునకు ఏ స్తంభమును అడ్డుకాదు. విశ్వవిద్యాలయము, గుట్ట, గ్రామము కలియు తావులలో బాట క్రిందుగా నేలమట్టమున వెలుతురుగల అండర్‌పాసు మొదటి యవసరము. గుట్ట లెక్కువారు కాలివంతెన యెక్కలేరా యని ఒక మిత్రుడు మమ్ము ఎకసక్కెమాడెను. గుట్ట యెక్కువారు కుఱ్ఱవాండ్రు. ఆ దారిని బీడీల మూటతో పోవు తల్లులును, కూరగాయల గంపలవారును దాటవలెను గదా. డిచ్‌పల్లికి దాటలేనివారి సంగతి కొత్తగా చెప్పనక్కరలేదు. 1915నుండి అచట ఇసబెల్ కెర్ అను వైద్యురాలు కుష్ఠరోగుల యాసుపత్రిని నడపినది. రాజా నర్సాగౌడుగారు దానికి ధనమిచ్చిరి. వ్రేళ్లూడిన పాదములతో దూరపు పల్లెలనుండి రోగులు నడచివచ్చి చేరిన గ్రామ మది. అట్టి పాదములకు తగినట్లు కట్టినచో తక్కినవారందరికిని అదే చాలును.

అండర్‌పాసు కట్టుటకు ఏండ్లు పట్టును. ఈలోపల చేయదగినవి కొన్ని యున్నవి. దాటు తావుకు ముందుగా వేగము తగ్గింపవలెను. పలకమీద అంకె వ్రాయుటచేత గాక, బాటనే మార్చుటచేత. నడిమితిన్నెను మనుష్యులు నిలుచునంత వెడల్పు చేసి కంచె నిలుపవలెను. దీపములు వేయవలెను. సర్వీసు రోడ్డు వెంట ఎడతెగని కాలిబాట యుండవలెను. నడుమ ఏ హోటలువాడో బల్లలు వేసినచో తీయింపవలెను. బస్సు ఆగుచోటును దాటుచోటును ఒకటిగా నుండవలెను. నేడు బస్సు ఒకచోట దింపును, సందింకొకచోట నుండును, పిల్లవాడు దగ్గరదారి చూచుకొనును. సగటు వేగమును నూటికి అయిదుపాళ్లు తగ్గించినచో ప్రాణాంతక ప్రమాదములు నూటికి ముప్పదిపాళ్లు తగ్గవచ్చునని ప్రపంచ ఆరోగ్యసంస్థవారి యంచనా. ఇంతకంటె చవుకైన పుణ్యము కలదా? కాలిబాటలో నిరాటంకముగా నడచు హక్కు రాజ్యాంగపు 21వ అధికరణములోనిదేనని సుప్రీము కోర్టు 2025 మే నెలలో చెప్పినది. చలివేంద్రములును, దారిచెట్లును పెట్టిన జాతికి ఈ తీర్పు వింతగా తోపరాదు.

ఇవన్నియు వ్రాసి మేము ఒక కార్యాలయమునకు విజ్ఞాపన పంపుకొంటిమి. ఆ కార్యాలయపు పేరు చెప్పుట మర్యాద కాదు. వారు ప్రత్యుత్తర మిచ్చిరి, అది విశేషము. దాటువారి సంఖ్య తెలియనిదే ఏమియు చేయజాలమని వారు వ్రాసిరి. అది నిజమే. ఇండియన్ రోడ్స్ కాంగ్రెసు పద్ధతిలో గంటకు దాటు మనుష్యుల సంఖ్యను, గంటకు పోవు వాహనముల సంఖ్యయొక్క వర్గముతో గుణింతురు. ఫలము విభజింపబడిన బాటపై ఇరువది కోట్లు మించినచో ఆ దాటుచోటునకు రక్షణ కల్పింపదగును. బ్రిటనునుండి వచ్చిన సూత్రమిది. మా గణితోపాధ్యాయుడు దీనిని చూచి మెచ్చుకొనెను. మాకు మాత్రము ఇరువది కోట్లనగా కొంచెము దిగులు కలిగెను.

అయినను లెక్క వ్రాయుటకు పూనుకొంటిమి. పాఠశాల పెద్దల యనుమతి పొంది, విశ్వవిద్యాలయ విద్యార్థులు కొందరు తోడు రాగా, మా పిల్లలు కొందరు ఆదివారములందు రహదారికి దూరముగా వేపచెట్టు నీడను కూర్చుండి కాగితములపై గీతలు గీయుచున్నారు. ఒక గడి మగవారికి, ఒక గడి ఆడవారికి, ఒకటి పిల్లలకు, ఒకటి ముసలివారికి. రెండవ ఆదివారమున ఒక ముసలమ్మ వచ్చి చాలసేపు అంచున నిలుచుండి, అటునిటు చూచి, వెనుదిరిగి పోయినది. చెప్పు పోగొట్టుకొన్న బాలికయే కాగితము పట్టుకొని యుండెను. ఈమెను ఏ గడిలో వ్రాయవలె నయ్యా యని మమ్ము అడిగినది. కార్యాలయమువా రిచ్చిన పత్రములో అట్టి గడి లేదు. స్కేలు తెచ్చి అంచున ఇంకొక గడి గీసితిమి.